జతపోగుకు సోమవారం సెలవు

ఇరవై లీటర్ల నీళ్ల క్యానును రెండో అంతస్తు మలుపు దగ్గర దించి వసుంధర నడుం పట్టుకుంది. లిఫ్టు చెడిపోయి మూడు రోజులైంది. వెనకాలే వస్తున్న ఓబులేశు కూడా ఆగాడు. అతని ఎడమచేతిలో కూతురి చెప్పుల జత ఉంది. కుడిచేయి ఖాళీ. భుజం నుంచి మణికట్టు దాకా దానికి బూడిదరంగు తొడుగు వేసి ఉంది.

"ఇటియ్యి వసూ, ఈ ఒక్క అంతస్తు నేనెత్తుకుంటా," అంటూ చెప్పుల్ని చంకలో పెట్టుకుని వంగబోయాడు.

పై మెట్ల మీంచి కేక వినపడింది. "అన్నా! గా క్యాను ముట్టకు!"

పక్క ఫ్లాటు భూమేష్. టై సర్దుకుంటూ దిగుతున్నవాడు రెయిలింగు మీంచి సగం ఒంగి మరీ అరిచాడు. "ఎడమచేత్తో లేపినా కుడిమోచేతి మీద ఒత్తిడి పడ్తదంట. యాప్‌ల రాసిండ్రు. నిన్ను కెప్టెన్ పెట్టిన నేను!"

"అయితే నువ్వు ఎత్తు తమ్ముడూ," అంది వసుంధర.

"ఆఫీసుకు లేటయితుంది వదినా," అని అతను రెండేసి మెట్లు దిగిపోయాడు. కింద గేటు దగ్గర నుంచి మళ్లీ అరిచాడు. "తొంభై ఒకటి! సూపరన్నా!"

వసుంధర క్యాను భుజాన వేసుకుని మిగిలిన మెట్లు ఎక్కింది. ఆ సంఖ్య ఆమెకు పొద్దున ఏడుంపావుకే తెలుసు. ఊరందరికీ తెలుసు. 'మన పదకొండు' అనే ఆ యాప్‌లో ఎవరికి వారు ఆటగాళ్లను ఎంచుకుని ఊహాజట్లు కట్టుకుంటారు. నిజం మ్యాచ్‌లో ఎవరు వికెట్ తీస్తే వాళ్లను ఎంచుకున్నవాళ్లకు పాయింట్లు, కెప్టెన్‌గా పెట్టుకుంటే రెట్టింపు. అందులో ఓబులేశు బొమ్మ కింద రోజూ ఒక అంకె, దాని పక్కన పైకో కిందికో ఒక బాణం. ఎనభై అయిదు దాటితే ఆటకు సిద్ధమని లెక్క. ఆదివారం మ్యాచ్. ఈరోజు బుధవారం.

ఇంట్లోకి రాగానే నాలుగేళ్ల నిత్య తండ్రి కాళ్లకు చుట్టుకుంది. "ఎత్తుకో నాయనా."

ఓబులేశు నేల మీద చతికిలబడి పిల్లను ఒళ్లోకి లాక్కున్నాడు. ఎత్తుకోవడానికి అనుమతి లేదు. వంటింటి తలుపుకు అతికించిన పట్టికలో అన్నీ ఉన్నాయి. పిల్లను ఎత్తరాదు, బట్టలు పిండరాదు, కొబ్బరి తురమరాదు, కుక్కర్ మూత బిగించరాదు. సంగటి ముద్ద కలపడం గురించి అందులో ఏమీ రాయలేదు గానీ, యాప్ వాళ్లు తీసిన ఒక వీడియోలో అతను గట్టి ముద్దను వేళ్లతో విరుస్తుంటే చూసి ఎవరో గోల చేశారు. ఆ రోజు నుంచి తిప్పమ్మ కొడుక్కి సంగటిని జావలా వండుతోంది.

"పిండి నీళ్లు తాగి బంతులేస్తారా ఎవురన్నా," అని గొణుక్కుంటూనే వండుతుంది.

తిప్పమ్మ వసుంధరకు అత్తగారే కాదు, మేనత్త కూడా. కల్యాణదుర్గం పక్క ఊరి నుంచి కొడుకు వైద్యం కోసమే వచ్చి ఈ హైదరాబాదు అపార్ట్‌మెంటులో నాలుగు నెలలుగా ఉంటోంది. వసుంధర తన బడికి సెలవు పెట్టి వచ్చింది. అక్కడ ఆమె లెక్కల టీచరు. ఇక్కడ ఆమెకు మిగిలిన లెక్క ఆ అంకె ఒక్కటే.

* * *

ఓబులేశు చివరి ఓవర్ల బౌలరు. ఆట మొదట్లో అతన్ని ఎవరూ పిలవరు. మిగతావాళ్లంతా చితికిపోయాక, ఆఖరి ఓవర్లకు బంతిని అతని చేతిలో పెడతారు. పోయిన ఏడాది అలాగే ఆఖరి ఓవర్ నాలుగో బంతి వేస్తుంటే మోచేతి లోపలివైపు లిగమెంటు తెగింది. బంతి వేసినవాడు వేసినట్టే మోకాళ్ల మీద కూలబడ్డాడు.

క్రీడావైద్య పరిశోధన కేంద్రంలో డాక్టర్ రంగాచారి దాన్ని అతికించి కుట్టాడు. కుట్టేముందు గోరంత ముక్క తీసి పక్కన పెట్టుకున్నాడు. ఆరు వారాలకు ఆ ముక్క గాజుపెట్టెలో వేలెడు పొడవు పెరిగింది. సేమియా పోగు కన్నా కాస్త లావుగా, తెల్లగా ఉంది. గులాబిరంగు ద్రవంలో, రెండు ఉక్కు కొక్కేల మధ్య.

"దీన్ని మేం జతపోగు అంటాం," అని చెప్పాడు డాక్టరు మొదటిసారి చూపించిన రోజు. "మీ చేతిలో ఉన్నది, ఇది, రెండూ ఒకటే. ఒకే వేగంతో మానుతాయి. రోజూ పొద్దున ఏడింటికి దీన్ని సాగడం మొదలయ్యేదాకా లాగి చూస్తాం, ఆ చోటే ఆ రోజు అంకె. ఈరోజు ఇది ఎంత తట్టుకుంటే, మీ చేయి కూడా అంత తట్టుకుంటుంది. మీ మీద ప్రయోగాలు చేయక్కర్లేదు. నూరు అంటే ఆఖరి ఓవర్ వేసేటప్పుడు పడేంత బరువు."

"మరి ఇది తెగితే?" అంది వసుంధర.

"తెగితే మంచిదే కదమ్మా. మీ ఆయన చేయి తెగకుండా ఆగుతుంది."

ఆ పోగు పెరగడానికి తల్లి రక్తం నుంచి తీసిన ఏదో సారం కావాలి. అందుకే ప్రతి శనివారం తిప్పమ్మ వెళ్లి చేయి చాపి ఒక చిన్న సీసా రక్తం ఇచ్చి వస్తోంది. పోగును చూసుకునే రిబ్కా నంద్యాల పిల్ల. మాట కలిసింది. తిప్పమ్మ సూది గుచ్చుతున్నంతసేపూ ఆ పెట్టెవైపే చూస్తుండేది. ఇంటికొచ్చి చెప్పేది.

"చిన్నోడు ఈ వారం కొంచెం లావైనాడు అమ్మీ."

"చిన్నోడు ఎవరత్తా?"

"వాడే. పెట్టెలో ఉండేటోడు. నా రక్తం తాగతాండాడు, నా కొడుకు ఒంట్లోది. నేను పేరు పెట్టకపోతే ఎవురు పెడతారు?"

ఓబులేశు నవ్వేవాడు. అప్పట్లో ఇంకా నవ్వేవాడు.

* * *

అంకె డెబ్బై దాటిన వారం నుంచి అతను మళ్లీ బంతి పట్టాడు. పోగు తట్టుకున్న ప్రకారం రోజుకు ఇన్ని బంతులని కోచ్ రాసిచ్చేవాడు. వారానికి ఏడు రోజులూ. మొదట పన్నెండు, తర్వాత పద్దెనిమిది, తర్వాత ముప్పై. మూడో వారంలో ఒకరోజు అన్నాడు. "పదో బంతి కాడ లోపల సలుపు మొదలైతాది వసూ. పళ్లు పీకినట్లు ఉంటాది."

డాక్టరుకు చెప్పారు. డాక్టరు తెర చూపించాడు. ఎనభై రెండు. "ఇది మీ చేతిలో ఉన్న నొప్పి కాదు, మీ తలలో ఉన్న నొప్పి. ఒకసారి తెగినవాళ్లందరికీ ఉంటుంది. ఆడితే పోతుంది."

కోచ్‌కు చెప్పాడు. కోచ్ కూడా అంకె చూశాడు. జట్టు మేనేజరు చూశాడు. చివరికి ఒకరోజు వంటింట్లో, ఐసుగడ్డల సంచిని మోచేతికి అదుముకుని నిలబడిన భర్తతో వసుంధర కూడా అంది. "అంకె బాగనే ఉంది గదా బావా. భయం వల్ల అట్ల అనిపిస్తాందేమో."

అతను ఆమె ముఖంలోకి చూసి, సంచిని ఫ్రిజ్‌లో పెట్టేశాడు. ఆ తర్వాత ఇంట్లో నొప్పి మాట ఎత్తలేదు. రాత్రి పూట కుడివైపు తిరిగి పడుకోవడం మానేశాడు. బాత్‌రూంలో కొళాయి ఎక్కువసేపు పారుతూ ఉండేది. వసుంధరకు కోపం వచ్చేది. ఎవరి మీద రావాలో తెలియక గిన్నెల మీద వచ్చేది.

ఈ బుధవారం మధ్యాహ్నం, నిత్య నిద్రపోయాక, ఆమె ఎనిమిది వారాల నివేదికలూ ముందేసుకుని కూర్చుంది. బడిలో అయితే ఈపాటికి యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుండేది. ఎర్రపెన్ను చేతిలోకి తీసుకున్నది కూడా అలవాటు కొద్దే.

రెండో పేజీలో ఆదివారం 73.46. సోమవారం 73.46.

మూడో పేజీలో ఆదివారం 78.12. సోమవారం 78.12.

ఎనిమిది పేజీలూ తిప్పింది. మిగతా ఏ రోజుకు ఆ రోజు తేడా ఉంది, వందో వంతులోనైనా. సోమవారానికి మాత్రం లేదు. తొమ్మిదో తరగతి బి సెక్షన్‌లో వెనక బెంచీలవాళ్లు ఇలాగే చేస్తారు. చుక్క తర్వాత అంకె కూడా మార్చకుండా దింపేస్తారు.

మర్నాడు పొద్దున ఏడుగంటలకల్లా ఆమె ల్యాబ్‌లో ఉంది. రిబ్కా చేతులకు తొడుగులు వేసుకుంటోంది.

"సోమవారం నువ్వు పోగును లాగడం లేదు కదా?" అంది వసుంధర.

రిబ్కా ఒక తొడుగు వేసుకుని, రెండోది వేసుకోకుండా అలాగే నిలబడిపోయింది.

"అక్కా, నేను… పెద్దమ్మ అడిగింది."

"ఏ పెద్దమ్మ?"

"మీ అత్తే అక్కా. మొదటి వారమే. నా చేతులు పట్టుకునింది. ఎద్దుకు కూడా సోమవారం కాడి కట్టం పాపా, ఆ పొద్దు దాన్ని ఇడిసిపెట్టు అనింది. నేను కుదరదనే చెప్పినా. మూడు వారాలు అడిగింది, మూడు వారాలు కుదరదన్నా… లేదక్కా, అబద్ధం. మొదటి వారమే ఒప్పుకున్నా." ఆమె కళ్లు తుడుచుకుంది. "లాగినప్పుడు అది వణుకుతాది అక్కా. డాక్టరు సారు చూడరు, కాగితం చూస్తారు. రోజూ చూసేది నేనే. వారానికి ఒక్క రోజు కదా, ఏమవుతాదిలే అనుకున్నా. సోమవారం ఆదివారం అంకెనే రాసేస్తి."

పెట్టెలో పోగు నిశ్చలంగా ఉంది. వసుంధర దాన్ని ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. శుభ్రంగా, నిండుగా, మెరుస్తూ ఉంది. సరిగ్గా నిద్రపోయి లేచినవాళ్లలా ఉంది.

* * *

"అవును, నేనే చెప్పినా," అంది తిప్పమ్మ. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది ఆపలేదు. "మా నాయన ఇంట్లో సోమవారం ఎడ్లను ముట్టుకుంటే చెయ్యి ఇరగ్గొట్టేవాడు. వానొచ్చి సాలు తడిసినా సరే, మంగళవారమే మడక. నోరు లేని జీవి. దానికి ఒక పొద్దన్నా ఇయ్యాల గదా."

"అత్తా, అది జీవి కాదు. అది బావ చెయ్యి ఎంత తట్టుకుంటాదో చూసే కొలత. దానికి నువ్వు సెలవిచ్చినావు, బావకు ఎవురూ ఇయ్యలేదు. అది బాగయ్యింది, ఆయన కాలేదు. దాన్ని చూసి ఈయనతో బంతులేయిస్తాండారు!"

ఈనె తీస్తున్న వేళ్లు ఆగిపోయాయి. తిప్పమ్మకు చదువు లేదు గానీ, విషయం ఎక్కడ మెలిపడిందో అర్థం కావడానికి క్షణం పట్టలేదు.

గుమ్మంలో ఓబులేశు నిలబడి ఉన్నాడు. ప్రాక్టీసు నుంచి అప్పుడే వచ్చాడు. మొత్తం విన్నాడు.

"ఎన్ని సోమవారాలమ్మా?" అన్నాడు.

"ఎనిమిది," అంది వసుంధర.

"నా చేతికి ఎన్నిచ్చినావు?" అతని గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండుననిపించింది వసుంధరకు. "గాజు డబ్బాలో ఉండే సేమియాకు సెలవు అడిగినావు. రాత్రింబగళ్లు నీ ఎదురుగానే ఉంటి కదమ్మా. నాకు ఒక్క పొద్దు అడగాలనిపించలేదా?"

"అది వణికింది నాయనా," అంది తిప్పమ్మ. "లాగితే వణికింది. కండ్లారా చూసినా. నువ్వు యాడ వణికినావు నా ఎదురుగా? తినేటప్పుడు నవ్వుతాంటివి. బాగుండావా అంటే బాగుండా అంటాంటివి. నొప్పని నీ పెండ్లానికి చెప్పినావు, డాక్టరుకు చెప్పినావు. నాకెప్పుడు చెప్పినావు?"

అతను తొడుగు విప్పి సోఫా మీదకు విసిరాడు. మోచేయి లోపలివైపు వాచి, చింతపండు రంగులో ఉంది. వారం రోజులుగా ఇంట్లో కూడా తొడుగు ఎందుకు తీయడం లేదో వసుంధరకు అప్పుడు తెలిసింది.

* * *

ఇప్పుడైనా నమ్ముతారనుకుంది. నిజం బయటపడింది కదా.

డాక్టర్ రంగాచారి అంతా విని, ఫోన్‌లో కాసేపు లెక్క వేసుకున్నాడు. "యాభై ఆరు రోజుల్లో ఎనిమిది రోజులు లాగలేదు. ఆ అమ్మాయికి మెమో ఇస్తాను. ఇకనుంచి అంకె చేత్తో రాయడం ఉండదు, యంత్రం నుంచే నేరుగా వెళ్తుంది. గదిలో కెమెరా కూడా పెట్టిస్తాను. లోపాన్ని సర్దితే మూడు పాయింట్లు తగ్గుతాయి. ఎనభై ఎనిమిది. ఇంకా ఎనభై అయిదుకు పైనే ఉన్నాం కదమ్మా, కంగారెందుకు?"

"సార్, విశ్రాంతిని అట్ల తీసివేతతో లెక్కపెడితే ఎట్ల? ఒక రోజు ఆగితే తర్వాతి ఆరు రోజులు అది వేరేగా మానుతుంది. ఆయన చెయ్యి ఒకసారి చూడండి. వాచింది."

"వాపు అందరికీ వస్తుంది. చూడండి, నా దగ్గర కొలత ఉంది. మీ దగ్గర అభిప్రాయం ఉంది. పోగు చెప్పనిదే నేను అంకె మార్చలేను."

మేనేజరు ఇంకా సూటిగా చెప్పాడు. ఎనభై అయిదుకు పైన ఉండి ఆడనంటే అది గాయం కాదు, నిరాకరణ. రెండు సీజన్లు బయట. ఓబులేశుకు ముప్పై మూడేళ్లు. రెండు సీజన్ల తర్వాత అతన్ని ఎవరూ పిలవరు. అదే పోగు తెగితే గాయం సెలవు. వైద్యం సాగుతుంది, వచ్చే ఏడు తలుపు తెరిచే ఉంటుంది. ఆడితే మాత్రం ఈసారి చేయి అతకడానికి కూడా మిగలదని ఓబులేశుకు లోపల తెలుస్తోంది. తెలుస్తోందనే మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

శుక్రవారం సాయంత్రం జట్టు హోటల్ నుంచి యాప్‌వాళ్ల ప్రత్యక్ష ముచ్చటలో అతను మాట్లాడాల్సి ఉంది. ప్రతి మ్యాచ్‌కు ముందు ఎవరో ఒకరు మాట్లాడతారు. ఇంట్లో వసుంధర, తిప్పమ్మ ఫోన్‌కు దగ్గరగా జరిగి కూర్చున్నారు. యాంకర్ ఏదో జోకు వేశాడు. ఓబులేశు నవ్వలేదు.

"నా చెయ్యి బాగలేదు," అన్నాడు. "అంకెను చూడొద్దండి. నాకు నొప్పిగా ఉంది. దయచేసి నన్ను మీ జట్లలో నుంచి తీసేయండి."

యాంకర్ ఒక్క క్షణం తెల్లబోయి, పెద్దగా నవ్వేశాడు. "చూశారా ఫ్రెండ్స్, ఓబీ మైండ్ గేమ్ మొదలుపెట్టేశాడు!"

కింద వ్యాఖ్యలు పరుగెత్తాయి. అవతలి జట్టును ఏమార్చడానికి చెబుతున్నాడు. అందరూ తీసేస్తే ఉంచుకున్నవాడికే లాభం, నేను ఉంచుకుంటున్నా. నొప్పి ఉన్నవాడు ఇంత తీరుబడిగా చెప్తాడా? అరగంటలో అతన్ని కెప్టెన్‌గా పెట్టుకున్నవాళ్లు నూటికి ముప్పై మంది నుంచి నలభై నాలుగుకు పెరిగారు. తలుపు కొట్టి మరీ చెప్పాడు భూమేష్. "వదినా, అన్న మస్తు తెలివైనోడు! ఆ ముఖం జూస్తే నేను గూడ నమ్మిన ఒక నిమిషం."

వసుంధర తలుపు వేసేసింది. వేసిన తలుపును మళ్లీ తీసి, ఇంకోసారి గట్టిగా వేసింది.

తిప్పమ్మ ఫోన్ వైపు చూస్తూనే ఉంది. తెర ఎప్పుడో నల్లబడింది.

"వాడు నోరు తెరిచి చెప్పినా నమ్మరా అమ్మీ?"

"నమ్మరు అత్తా."

"చిన్నోడు చెప్తే?"

"వాడు చెప్తే అందరూ నమ్ముతారు."

తిప్పమ్మ పైకొంగు నడుముకు చుట్టుకుని లేచి, మిగిలిన సంగటిని గిన్నెలో సర్దింది.

* * *

శనివారం రక్తం ఇచ్చే రోజు. పోగును లాగే ఏడింటికి వెళ్లాల్సినామె ఆరుకే ఆటో పిలిపించింది. వసుంధర నిత్యను భూమేష్ భార్య దగ్గర వదిలి వెంట వెళ్లింది. మధ్యాహ్నం పన్నెండుకు జట్టు పేర్లు ఇచ్చేస్తారు.

రిబ్కా గదిలో ఒక్కతే ఉంది. మూలన కొత్త కెమెరా ఎర్రగా వెలుగుతోంది.

"పాపా, దీన్ని ఈ పొద్దు ఎంత లాగుతారు?" అంది తిప్పమ్మ.

"సాగడం మొదలయ్యే దాకే పెద్దమ్మా. అంకె తెలిస్తే చాలు, అక్కడ ఆపేస్తాం."

"తెగేదాకా లాగు."

రిబ్కా వసుంధర వైపు చూసింది. వసుంధర తల దించుకోలేదు, ఊపనూ లేదు.

"తెగితే అంకె పోదు అక్కా," అంది రిబ్కా మెల్లగా. "తెగిందని ఒక్క మాటే పోతాది యాప్‌కు. ఎంత కాడ తెగిందో ఇక్కడ ముల్లు చూస్తేనే తెలుస్తాది. కానీ… నేను లాగలేను పెద్దమ్మా. ఇప్పటికే ఒక మెమో ఉంది. కెమెరా ఉంది."

"ఉండనీ. నా మొకం బాగా పడనీ దాంట్లో. నువ్వు పక్కకు జరుగు."

రిబ్కా జరిగింది. గోడకు ఆనుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, కెమెరాకు కనపడేలా నిలబడింది. ఏది తిప్పాలో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఎనిమిది శనివారాలుగా తిప్పమ్మ ఆ గుండ్రటి మీటను చూస్తూనే ఉంది.

మొదటి మెలికకు కొక్కేలు ఎడమయ్యాయి. పోగు బిగిసింది. ముల్లు నలభై దాటింది, అరవై దాటింది. ఎనభై దగ్గర పోగు వణకడం మొదలుపెట్టింది. ద్రవంలో సన్నటి వలయాలు పుట్టి గాజుకు తగిలి చెదిరిపోతున్నాయి. తిప్పమ్మ చేయి ఆగింది.

"అత్తా, వద్దంటే పోదాం," అంది వసుంధర.

ఆమె మళ్లీ తిప్పింది. తొంభై. నూరు.

తెగలేదు.

"ఇంక మీదట మామూలుగా నూట అయిదు, నూట పది కాడ తెగిపోతాయి," అంది రిబ్కా గోడ దగ్గర నుంచి. "వేరే ఆటగాళ్లవి అట్లే పోయినాయి."

నూట పది. నూట పదిహేను. పోగు సన్నబడి, తెల్లని గీతలా నిలిచింది. తెగలేదు. సోమవారం సోమవారం విశ్రాంతి తీసుకుని, శనివారం శనివారం తల్లి రక్తం తాగి పెరిగిన పోగు అది. తెగనంటోంది. తిప్పమ్మ రెండో చేయి కూడా మీట మీద వేసింది. పెదాలు బిగబట్టింది.

"పోరా," అంది. ఎవరితోనో అర్థం కాలేదు వసుంధరకు. "పో నాయనా. ఎంతసేపు పట్టుకోనుంటావు? ఇంక చాలు, ఇడిసిపెట్టు."

నూట ఇరవై అయిదు. నూట ముప్పై. వసుంధర లెక్కల టీచరు బుర్ర ఆ స్థితిలోనూ పనిచేస్తూనే ఉంది. మూడు పాయింట్లన్నాడు డాక్టరు. మూడు కాదు. ఇరవైకి పైనే. విశ్రాంతి ఉన్న చేతికీ లేని చేతికీ ఉన్న దూరం అది. ఎనిమిది వారాలు ఆ దూరాన్ని తన మొగుడు ఒక్కడే పళ్లు బిగించి మోశాడు. అంకె బాగుంది గదా బావా అని తను కూడా అంది.

నూట ముప్పై ఏడు దగ్గర చిన్న చప్పుడైంది. పచ్చి చిక్కుడుకాయ విరిగినంత చప్పుడు. రెండు ముక్కలూ కొక్కేలకు వేలాడి, నెమ్మదిగా చుట్టుకుపోయాయి.

తిప్పమ్మ మీటను వెంటనే వదల్లేదు. వేళ్లు బిగుసుకుపోయాయి. వసుంధర ఒక్కొక్క వేలూ విడదీసింది.

రిబ్కా వచ్చి పెట్టె మూత తీసింది. పట్టకారుతో ముక్కలు తీసి పసుపురంగు సంచిలో వేస్తుంటే తిప్పమ్మ చూడలేక కిటికీ వైపు తిరిగింది.

"నువ్వేమీ చెయ్యలేదని నేను రాసిస్తా పాపా. వేలిముద్ర ఏస్తా."

"ఏం రాసినా నన్ను తీసేస్తారు పెద్దమ్మా," అంది రిబ్కా. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అలసట ఉంది. "సోమవారం చేసినందుకైనా తీసేసేవాళ్లే."

వసుంధర సంచిలో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. మోగుతూనే ఉంది. తెరిచి చూసింది. ఓబులేశు బొమ్మ కింద అంకె లేదు. ఎర్ర అక్షరాల్లో 'తెగింది' అని ఉంది. దాని కింద గుండె బొమ్మలు, మొక్కే చేతులు. త్వరగా కోలుకో ఓబీ అన్నా. నిన్ననే చెప్పాడు పాపం, మనమే వినలేదు. అయ్యో, ఎంత నొప్పి పడి ఉంటాడో. పది నిమిషాల్లో నలభై వేల మంది అతన్ని తమ జట్లలోంచి తీసేసి, సానుభూతి తెలిపారు. భూమేష్ సందేశం కూడా ఉంది. ఏడుపు ముఖాలు వరుసగా అయిదు.

ఆమెకు ఫోన్‌ను గోడకేసి కొట్టాలనిపించింది. అంతలో ఓబులేశు ఫోన్ చేశాడు.

"పోగు తెగిందంట," అన్నాడు. వెనకాల హోటల్ కారిడార్లో ఎవరివో మాటలు. "డాక్టరు ఏమీ ఎరగనట్లు ఇప్పుడొచ్చి నా చెయ్యి పట్టుకుని చూస్తాండాడు. వాపు ఉందంట. ఇప్పుడు కనపడిందంట." అతను ఆగాడు. "ఎంత కాడ తెగింది?"

చెప్పాలా వద్దా అని ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. "నూట ముప్పై ఏడు."

ఆ అంకెకు అర్థం అతనికి వేరే చెప్పక్కర్లేదు.

"అంత దాకా ఎవురు లాగినారు? రిబ్కానా?"

"కాదు."

"మరి?"

వసుంధర ఫోన్‌ను తిప్పమ్మకు ఇచ్చింది. తిప్పమ్మ దాన్ని చెవికి ఆనించుకుంది. ఆమె ఊపిరి అవతలికి వినపడి ఉంటుంది.

"అమ్మా," అన్నాడు ఓబులేశు. స్పీకరు పెట్టకపోయినా అతని గొంతు గదిలో అందరికీ వినిపించింది. "అమ్మా, నొప్పిగా ఉందమ్మా."

"తెలుసు నాయనా," అంది తిప్పమ్మ. "ఇంటికి రా."